అర ఎకరం, మొదటి ఏడాది: విశాఖ చుట్టుపక్కల ఇల్లూ సేద్యమూ మొదలుపెట్టేవారికి

ఆనందపురం, పద్మనాభం, భీమిలి, సబ్బవరం వైపు కాస్త నేల కొనుక్కుని, చిన్న ఇల్లు వేసుకుని, కూరా గుడ్డూ పండూ ఇంటి దగ్గరే పండించుకుందామనుకునేవాళ్ళు మొదటి వేసవికే చతికిలబడేది ఒకే చోట. డబ్బంతా మొక్కల మీదా కోళ్ళ మీదా పెట్టేసి, నీళ్ళకీ కంచెకీ వచ్చేసరికి చేతులు ఎత్తేస్తారు. మొదటి ఏడాది పని నీళ్ళు, కంచె, నేల. ఆ వరసలోనే. పంట సంగతి ఆ తర్వాత. చేతిలో ఉన్న డబ్బులో సగం మొదటి రెండింటికే పక్కన పెట్టుకోండి.

ఇక్కడి లెక్కలన్నీ 50 సెంట్లకు. సెంటు అంటే 48.4 గజాలు కాబట్టి 50 సెంట్లు 2,420 గజాలు, అంటే సుమారు 2,020 చదరపు మీటర్లు. ఇంటికీ వాకిలికీ 10 సెంట్లు, కూరగాయలకు 5, చెట్లకు 20, చోళ్ళకూ (రాగులు) అపరాలకూ 10, మిగిలింది కోళ్ళపాకకూ గెత్తం (పశువుల ఎరువు) కుప్పకూ దారులకూ. కొత్తవాళ్ళు కూరగాయల మడి పావు ఎకరం గీసుకుంటారు. వద్దు. 5 సెంట్లు సరిగ్గా చూసుకోవడానికే రోజూ గంటన్నర, రెండు గంటలు పడుతుంది.

కొనే ముందు: మే ఎండలో చూడండి

తొలకరి పడ్డాక ఏ గరువైనా (మెట్ట నేల) పచ్చగానే కనిపిస్తుంది. ఏప్రిల్ చివర్లోనో మేలోనో వెళ్ళి చూడండి. చుట్టుపక్కల నూతుల్లో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తొంగి చూడండి. పక్క రైతు మోటారు ఎంతసేపు ఆడాక ధార సన్నబడుతుందో అడగండి. ఆగస్టులో ఎవరినడిగినా నీళ్ళు బ్రహ్మాండం అనే చెబుతారు.

కాగితాల దగ్గర మొదటి ప్రశ్న, జిరాయితీయా (సొంత పట్టా భూమి) డి-పట్టాయా (ప్రభుత్వం పేదలకు పంచిన భూమి) అన్నది. డి-పట్టా భూముల చేతుల మార్పిడికి 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కింద ఆంక్షలున్నాయి. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్ (సాగు వివరాలు), 1-బి (యజమాని ఖాతా) చూసుకుని, 30 ఏళ్ళ ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయించి, సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూములవి) ఉందేమో సరిచూసుకోండి. సింహాచలం దేవస్థానానికీ ఐదు ఊళ్ళ జనానికీ మధ్య నడుస్తున్న పంచగ్రామాల భూముల తగువు ఈ ఊళ్ళో తెలియనివారు లేరు. దేవస్థానం భూమి, గెడ్డ (వాగు), చెరువు గర్భం, సముద్రం వారైతే తీర నియంత్రణ హద్దులు, వీటన్నిటినీ వకీలు చేత విడివిడిగా చూపించుకోండి. ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే శాఖ గీసిన హద్దుల పటం) ప్రకారం సర్వేయరు చేత కొలిపించి, హద్దురాళ్ళు పాతించాకే కంచె మాట.

దారి 12 అడుగులు లేకపోతే బోరు లారీ రాదు. పక్కవాళ్ళ పొలంలోంచి వెళ్ళే దారి అయితే నోటిమాట చాలదు, దస్తావేజులో రాయించండి.

నీళ్ళు: ముందు లెక్క, తర్వాత బోరు

ఒక చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు నీరంటే 1 లీటరు. 5 సెంట్ల కూరమడి సుమారు 200 చదరపు మీటర్లు. మే ఎండలకు రోజుకు 5 నుంచి 6 మి.మీ. కావాలి, అంటే 1,000 నుంచి 1,200 లీటర్లు. మొదటి ఏడాది చెట్లు 20 ఉంటే ఒక్కోదానికి మూడు రోజులకోసారి 20 లీటర్ల చొప్పున రోజుకు సగటున 130. నలుగురున్న ఇంటికి 500. మొత్తం 1,800 లీటర్ల దగ్గర ఆగుతుంది. ఇది పెద్ద లెక్కేం కాదు. రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో కూడా ఆ 1,800 వస్తున్నాయా అన్నదే అసలు ప్రశ్న.

బోరు వేసేముందు, నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం (2002) కింద అనుమతి తీసుకోండి. మన వైపు ఎర్రమట్టి, గరుసు (కంకర మట్టి) కింద పైభాగం కుళ్ళిన రాయి, దాని కింద గట్టి రాయి. కేసింగ్ పైపు (బోరు గోడలు కూలకుండా దించే గొట్టం) ఆ గట్టి రాయి మీద కూర్చోవాలి. ఖర్చు తగ్గుతుందని రెండు పైపులు ముందే ఆపేస్తే కుళ్ళిన రాయి జారి నీళ్ళు ఎర్రగా వస్తాయి, ఏడాది తిరక్కుండా మోటారు ఇరుక్కుంటుంది. డ్రిల్లింగు జరుగుతున్నంతసేపూ దగ్గరే ఉండి, ఎన్ని అడుగులకు గట్టి రాయి తగిలిందో, నీళ్ళ ఊట ఎక్కడెక్కడ పడిందో రాసుకోండి. తర్వాత మోటారు ఎంత లోతున దించాలో చెప్పేది ఆ కాగితమే.

నీళ్ళు పడ్డాక పరీక్ష ఇలా. మోటారు మూడు గంటలు ఆపకుండా ఆడించండి. ప్రతి అరగంటకూ 20 లీటర్ల బక్కెట్టు ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 40 సెకన్లయితే నిమిషానికి 30 లీటర్లు, గంటకు 1,800. మొదటి అరగంటలో 40 సెకన్లు పట్టి, మూడో గంటకు 90 పడితే, గంట ఆడించి రెండు గంటలు ఆపే పద్ధతి పెట్టుకోవాలి. అప్పుడు డ్రై రన్ (నీళ్ళు లేకుండా మోటారు ఆడటం) ఆపే స్టార్టరు తప్పనిసరి.

భీమిలి నుంచి సముద్రం వారగా ఉన్న నేలల్లో ఉప్పు ఇంకో తలనొప్పి. జేబులో పట్టే టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచేది) కొనండి. 500 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) లోపు చూపిస్తే ఏదైనా పండించవచ్చు. 1,000 దాటితే చిక్కుళ్ళు, బీన్సు ముందు దెబ్బతింటాయి. 2,000 దాటితే కూరగాయల జోలికి వెళ్ళకండి. కొబ్బరి, సపోటా కొంత ఓర్చుకుంటాయి. ఒకసారి కొలిచి ఊరుకుంటే లాభం లేదు. ఆగస్టులో ఒక అంకె, మేలో ఇంకో అంకె వస్తాయి. తీరం దగ్గర బోరును ఎక్కువగా తోడితే కిందనుంచి ఉప్పునీరు పైకెక్కుతుంది, అలా ఎక్కినది ఓ పట్టాన దిగదు.

ఇక డ్రిప్పు. వెయ్యి లీటర్ల ట్యాంకును పది అడుగుల దిమ్మ మీద పెట్టి, గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు బిగించి, లెక్క ప్రకారం నీళ్ళు పెడుతున్నామనుకుంటారు. ఆ 4 లీటర్లు చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో ఒత్తిడి మీద చెప్పే మాట. పది అడుగుల ఎత్తు ఇచ్చేది 0.3 కిలో. అక్కడ మామూలు డ్రిప్పరు 2 లీటర్లు దాటి ఎంతో ఇవ్వదు, లైను చివర అదీ ఉండదు. మొక్కలు వాడుతుంటే తెగులేమోనని మందులు కొట్టేవాళ్ళున్నారు! లైను మొదట్లో ఒకటి, చివర ఒకటి గ్లాసులు పెట్టి, పావుగంటకు ఎన్ని నీళ్ళు పడ్డాయో కొలిచి నాలుగుతో హెచ్చించండి. తేడా ఐదో వంతు మించితే లైన్లు పొట్టివి చేయండి, లేదా మోటారు నుంచే నేరుగా డ్రిప్పుకు ఇవ్వండి. ఫిల్టరు వారానికోసారి కడగాలి. మన ఎర్రమట్టి నీళ్ళకు నెల ఆగితే రంధ్రాలు మూసుకుపోతాయి.

ఇంటి కప్పు మీద పడే వానను వదలకండి. విశాఖలో ఏడాదికి సుమారు వెయ్యి మి.మీ. వాన. 60 చదరపు మీటర్ల కప్పు నుంచి, ఐదో వంతు పోయినా, 48,000 లీటర్లు వస్తాయి. అంత నిల్వ ఎవరూ చేయలేరు. బోరుకు పదడుగుల దూరంలో 6 అడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి, కింద పెద్ద రాళ్ళు, మధ్యలో కంకర, పైన ఇసుక వేసి కప్పు నీళ్ళు దాంట్లోకి మళ్ళించండి. ఏటా మేలో పైన అరడుగు ఇసుక తీసి కడగకపోతే రెండో ఏడాదికే గుంత కాస్తా బురద మడుగవుతుంది.

కంచె

కోతలయ్యాక, సంక్రాంతి నుంచి తొలకరి దాకా, ఊళ్ళలో పశువులనూ మేకలనూ వదిలేస్తారు. సరిగ్గా ఆ నెలల్లోనే పచ్చగా ఉండేది మీ తోట ఒక్కటే.

చతురస్రంగా ఉన్న 50 సెంట్ల చుట్టుకొలత సుమారు 180 మీటర్లు. 9 అడుగులకొక రాతి స్తంభం చొప్పున 66 కావాలి, విరిగేవాటికి నాలుగు ఎక్కువ తెప్పించుకోండి. 7 అడుగుల స్తంభం, 2 అడుగులు భూమిలోకి. మూలల్లో రెండు వైపులా వాలుగా ఊత రాళ్ళు పెట్టకపోతే తీగ బిగించిన రోజే స్తంభం లోపలికి వంగుతుంది. ఐదు వరసల ముళ్ళతీగకు 900 మీటర్లు, ముడులకు పదో వంతు ఎక్కువ. ముళ్ళతీగ ఆవును ఆపుతుంది, మేకను ఆపదు. కింద 3 అడుగులు మెష్ కట్టాల్సిందే. ఉప్పుగాలి తగిలేచోట జింకు పూత పలచగా ఉన్న తీగ రెండు మూడేళ్ళకే తుప్పుపడుతుంది.

తీగ వెంబడే జూలైలో రెండడుగులకొకటి గ్లిరిసిడియా కొమ్మలు పాతండి. రెండో ఏడు నుంచి కోసినప్పుడల్లా పచ్చిరొట్ట (నేలలో కలిపే పచ్చి ఆకు ఎరువు) వస్తుంది. కొండ వారకు కోతుల బెడద ఉంటే ఏ కంచే ఆపదు. అక్కడ జామ, మొక్కజొన్న మానేసి పసుపు, అల్లం, కంద వేసుకోవడం తెలివైన పని.

నేల

మట్టి పరీక్షకు గట్ల దగ్గర, చెట్ల కింద, పాత గెత్తం కుప్పల చోట మట్టి తీయకండి. పది చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, గోడ వెంబడి పలచని పొరగా మట్టి గీకండి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురువి రెండు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించి, నీడన ఆరబెట్టి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు వస్తే కంగారు పడకండి, మన ఎర్ర నేలల్లో అది మామూలే. దాన్ని పెంచడమే ఈ ఏడాది పని.

మృగశిర కార్తెలో తొలి వానకు, కూరమడికి అనుకున్న చోట రెండు సెంట్లు వదిలి, మిగతాదీ అపరాల చోటూ కలిపి జనుము (పచ్చిరొట్ట పైరు) చల్లండి. 10 సెంట్లకు 2 కిలోలు. 45 రోజులకు, పూత మొదలవుతుండగా, నేలలో కలిపి దున్నండి. కాయ పడేదాకా ఆగితే కాండం పీచెక్కి కుళ్ళడానికి నెలలు పడుతుంది. కలిపాక కనీసం మూడు వారాలు ఏమీ నాటకండి.

గెత్తం కూరమడికి సెంటుకు 80 నుంచి 100 కిలోలు. కొనేటప్పుడు కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలినా, పేడ వాసన కొట్టినా అది మాగలేదు. మాగిన గెత్తం నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసన వేస్తుంది. తెల్లగా, లావుగా, సున్నాలా ముడుచుకున్న పురుగులు దొరికితే అవి కొబ్బరిని తినే కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు. ఏరి చంపాకే వాడండి. మీ సొంత కుప్ప కూడా కొబ్బరి మొక్కలకు దూరంగా ఉండాలి, రెండు మూడు నెలలకోసారి తిరగేయాలి. వానాకాలంలో గొయ్యి కాదు, నీడలో గట్టు మీద కుప్పే మేలు.

తుంగ ఉన్న నేలలో రోటవేటరు తిప్పించడం చేతులారా చేసుకునే నష్టం. గడ్డల గొలుసులు తెగి, ఒక్కో గడ్డా ఒక్కో మొక్కై లేస్తుంది. తుంగను మే ఎండలో లోతు దుక్కి చేసి ఎండనివ్వండి, మిగిలింది చేత్తో గడ్డతో సహా తవ్వండి.

పేడ, మూత్రం, బెల్లం పులియబెట్టి నేలకు పోసే జీవామృతం ఎకరానికి 200 లీటర్ల లెక్క అందరికీ తెలిసిందే. మీ 10 సెంట్లకు దాన్ని తగ్గించుకుంటే 20 లీటర్ల నీళ్ళు, కిలో ఆవుపేడ, అర లీటరు నుంచి లీటరు మూత్రం, అనకాపల్లి బెల్లం 200 గ్రాములు, శనగపిండి లేదా ఉలవపిండి 200 గ్రాములు, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడన 48 గంటలు, రోజుకు రెండుసార్లు కలుపుతూ. వారంలోపు వాడేయాలి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్ళు వద్దు. గెత్తం వేయకుండా ఇదొక్కటే పోస్తే మొదటి ఏడాది ఏమీ కనిపించదు. తిండి లేని నేలకు జీవామృతం పోసినా అందులోని జీవులు బతికేదేం ఉండదు.

చెట్లు

గోతులు మేలోనే తవ్వాలి, మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. పైమట్టి ఒక పక్క, కిందమట్టి ఒక పక్క వేసి మూడు వారాలు ఎండనివ్వండి. మొక్క పెట్టేముందు ఒక గోతిలో బక్కెట్ల కొద్దీ నీళ్ళు పోసి చూడండి. మర్నాటికీ నీళ్ళు నిలిచి ఉంటే కింద గరుసు చట్టు ఉన్నట్టు. ఆ గొయ్యి వానాకాలంలో కుండలా నిండి వేరు కుళ్ళుతుంది. గునపంతో చట్టు పగలగొట్టాలి, కుదరకపోతే అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటాలి.

పైమట్టి, మాగిన గెత్తం 20 కిలోలు, చెదలకు వేపపిండి కిలో కలిపి నింపండి. మామిడి అంటు అతుకు నేలకు నాలుగైదు అంగుళాలు పైనే ఉండాలి. కొబ్బరికి గొయ్యి సగమే నింపి అందులో నాటి, మొక్క ఎదిగేకొద్దీ పూడ్చుకుంటూ రావాలి. కొబ్బరికి దూరం 25 అడుగులు. మామిడిలో సువర్ణరేఖ మన జిల్లాల పండే, కొత్తపల్లి కొబ్బరి రసానికి. నీళ్ళు అందని గరుసు మూల ఉంటే దాన్ని జీడికి వదిలేయండి. 20 చెట్లు చాలు. 60 నాటి వేసవిలో 40 ఎండబెట్టుకునేకన్నా అదే నయం.

కూరమడి: ఏ నెలలో ఏది

జనుము వేయని రెండు సెంట్లలో జూన్‌లోనే బెండ, గోరుచిక్కుడు, ఆనప, బీర. పాదులకు పందిరి సరుగుడు కర్రలతో ముందే వేయండి, తీగ సాగాక వేస్తే సగం తీగలు విరుగుతాయి. చోళ్ళ నారు జూలైలో పోసి, మూడు నాలుగు వారాల నారు నాటాలి. కంది గట్ల మీద. పందిరి చిక్కుడు జూలై, ఆగస్టుల్లో పెట్టినా, పగళ్ళు పొట్టివయ్యేదాకా పూత పట్టదు. సెప్టెంబరులో పూత లేదని పీకేసేవాళ్ళు సంక్రాంతి కూర పోగొట్టుకుంటారు.

వంగ, టమాటా, మిరప నారు అక్టోబరులో ఎత్తు మడిలో, పైన వాన కప్పుతో పోయండి. నాట్లు నవంబరు రెండో సగంలో. అక్టోబరులో తొందరపడి నాటితే ఒక్క వాయుగుండానికి అన్నీ వడలు తెగులుకు పోతాయి. టమాటా ఏప్రిల్, మే నెలల్లో కాయలేదని ఎరువు కుమ్మరించకండి. రాత్రి వేడి 25 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది, విశాఖలో ఆ నెలల రాత్రులు అంతకన్నా వేడి. వేసవి తోటకూర, గోంగూర, బచ్చలిది. మీద నీడ వల.

రసం పీల్చే పురుగులకు వేపగింజల కషాయం 5 శాతం. 10 లీటర్లకు అరకిలో గింజల పొడి గుడ్డమూటలో రాత్రంతా నానబెట్టి, పిండి, వడకట్టి, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ. గింజలు ఆ ఏడాదివే కావాలి. బూజు పట్టినవి పనిచేయవు.

తుఫాను నెలలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. మీ ఏర్పాట్లు ఆ కొలత మీదే ఉండాలి.

సెప్టెంబరు చివరికి మునగను నాలుగడుగులకు నరికేయండి, మళ్ళీ చిగురిస్తుంది. లేతచెట్లకు మూడు వైపులా కర్రలు పాతి కొబ్బరితాడుతో ఎనిమిది అంకె ముడి వేయండి; ప్లాస్టిక్ తాడు గాలికి బెరడును కోస్తుంది. హెచ్చరిక వచ్చిన రోజు వరసగా: ట్యాంకులన్నీ నింపడం, నీడ వలలు విప్పడం, అరటికి వెదురు పోట్లు పెట్టి కింది ఆకులు కోయడం, బొప్పాయికి సగం ఆకులు తీసేయడం, కోసుకోదగ్గ కూర కోసేయడం, కోళ్ళపాక రేకుల మీంచి తీగ దాటించి నేలలో మేకులకు బిగించడం, చివరగా స్టార్టరు పెట్టె విప్పి ఇంట్లో పెట్టడం.

గాలి తగ్గాక ముందు నీళ్ళు బయటికి, 24 గంటల్లోపు. ఒరిగిన లేతచెట్టును మట్టి తడి ఆరకముందే నిలబెట్టి, పైకొమ్మలు మూడో వంతు కత్తిరించి కట్టండి. వారం తర్వాత లేపితే మిగిలిన వేళ్ళూ తెగుతాయి. సముద్రం దగ్గరైతే ఆకుల మీద ఉప్పు పేరుకుంటుంది, మంచినీళ్ళతో కడగాలి.

కోళ్ళు: ఆరో నెల తర్వాతే

రాత్రి మీరు అక్కడే పడుకుంటేనే కోళ్ళు పెట్టండి. పదికి మించి వద్దు. పాకలో ఒక్కో కోడికి 2 చదరపు అడుగులు. వల అర అంగుళం కన్నుల వెల్డ్‌మెష్. ఆరు పలకల కోడివలను కుక్క పళ్ళతో చింపుతుంది. మెష్ అడుగు లోతు భూమిలోకి దించకపోతే ముంగిస తవ్వుకుని వస్తుంది.

పిల్లలకు మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీల వేడి, వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు కన్నా పిల్లలనే చూడండి: బల్బు కింద గుంపుగా నెట్టుకుంటుంటే చలి, అంచులకు పోయి నోరు తెరుస్తుంటే వేడి.

కొక్కెర తెగులు (రానీఖెట్) ఒక్క వారంలో పాక ఖాళీ చేస్తుంది. 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా టీకా కంటిచుక్క, నాలుగో వారం మళ్ళీ, ఎనిమిదో వారంలో అదే తెగులుకు ఆర్2బి టీకా సూది. టీకా ఐసులో తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడాలి. సీసాలు 100 డోసులవి కాబట్టి ఊళ్ళో నాలుగిళ్ళవాళ్ళతో కలిసి ఒకే రోజు పెట్టించుకోండి. పెట్టకు రోజుకు 100 గ్రాముల పైనే మేత పడుతుంది. నాటు పెట్ట గుడ్లు తక్కువ, పొదుగుతుంది. గ్రామప్రియ (పెరటి పెంపకానికి తీసిన సంకర జాతి) గుడ్లు ఎక్కువ, పొదగదు. ఏది కావాలో ముందే తేల్చుకోండి.

మేత ఉన్నచోట ఎలుకలు, ఎలుకల వెంట పాములు. దాణా రేకు డబ్బాలో, గడ్డివామి ఇంటికి దూరంగా, రాత్రి టార్చి లేకుండా అడుగు బయటపెట్టకుండా. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, మంత్రం ఏవీ వద్దు. కరిచిన కాలు కదలకుండా పెట్టి 108కి ఫోను చేయండి. విషానికి విరుగుడు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని గోడ మీద రాసిపెట్టుకోండి.

మళ్ళీ మే

ఏడాది తిరిగాక బక్కెట్టు పరీక్ష, టీడీఎస్ కొలత మళ్ళీ చేసి పాత అంకెల పక్కన రాయండి. మట్టి అవే పది చోట్ల తీసి మళ్ళీ పరీక్షకు ఇవ్వండి. బెండ, ఆనప, చిక్కుడు విత్తనాలు బాగా కాసిన పాదుల్నుంచే, ముదిరి ఎండిన కాయలవి, బూడిద కలిపి సీసాల్లో పెట్టుకోండి.

ఆవు మాట అప్పుడు. పెద్ద ఆవుకు రోజుకు 25 కిలోలు పచ్చిగడ్డి, 5 కిలోలు ఎండుగడ్డి, 50 లీటర్ల పైన నీళ్ళు. మీ 1,800కు ఆ 50 పెద్ద లెక్క కాదు, కానీ ఏడాది పొడవునా పచ్చిగడ్డికి కనీసం 10 సెంట్లు, దానికి తడి వేరే. మేలో బక్కెట్టు ఇంకా 40 సెకన్లలోనే నిండుతుంటే, పాలు పితికే మనిషి రోజూ రెండు పూటలా ఇంట్లో ఉంటే, అప్పుడు సంతకు వెళ్ళండి.